నేపుల్స్‌లో ఓడ ఆగే ఒక్క రోజు: వెసూవియస్‌కి జతగా పాంపేనా, హెర్క్యులేనియమా?

మధ్యధరా సముద్రంలో క్రూజ్ బుక్ చేసుకుని, దారిలో ఇటలీలోని నేపుల్స్ ఉందని తెలియగానే చాలామంది వేసుకునే ప్లాన్ ఒకటే. పొద్దున్నే వెసూవియస్ ఎక్కేసి, మధ్యాహ్నం పాంపే చూసేసి, సాయంత్రం ఓడ కదిలేలోపు వచ్చేయడం. అగ్నిపర్వతం, అది పూడ్చేసిన ఊరు, రెండూ ఒకే రోజున! ఆశపడటంలో తప్పేమీ లేదు, చేయలేనిదీ కాదు. కాకపోతే ఈ ప్లాన్‌లో కోత పడేది ఎప్పుడూ పాంపేకే. రోజంతా పట్టే ఊరిని గంటన్నరలో చుట్టేసి, ఊరి నడిమి కూడలి అయిన ఫోరం దగ్గర నాలుగు ఫొటోలు తీసుకుని పరుగున రైలెక్కడంతో సరిపోతుంది.

నా సలహా ముందే చెప్పేస్తాను. కొండ ఎక్కాలని గట్టిగా ఉంటే దానికి జతగా అదే కొండ పూడ్చేసిన ఇంకో చిన్న ఊరు, హెర్క్యులేనియం పెట్టుకోండి. పాంపే చూడటమే ముఖ్యమైతే కొండను వదిలేయండి. లేదు, ఆ రెండే కావాలంటారా, అప్పుడు సొంతంగా వెళ్లకుండా ఎవరిదో ఒకరి బండిలో వెళ్లండి.

ముందు గంటల లెక్క

ఓడ పొద్దున 7కి వచ్చి సాయంత్రం 6కి బయల్దేరుతుందనుకుందాం. చేతిలో పదకొండు గంటలు ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, అన్నీ మనవి కావు. ఓడ కట్టి, కాగితాల పని ముగిసి, జనం దిగేసరికి 8 అవుతుంది. బయల్దేరే సమయానికి అరగంట నుంచి గంట ముందే అందరూ లోపల ఉండాలని ఓడవాళ్లు షరతు పెడతారు. మన జాగ్రత్తకు ఇంకో గంట వదులుకుంటే మిగిలేది దాదాపు ఎనిమిది గంటలు. ఓడలో గడియారం, ఒడ్డున గడియారం ఒకటే చూపిస్తున్నాయో లేదో దిగేముందు ఒకసారి చూసుకోండి. ఓడ తన సమయం ప్రకారమే కదులుతుంది.

నేపుల్స్‌కున్న పెద్ద సౌలభ్యం ఏమిటంటే రేవు నగరం నడిబొడ్డునే ఉంటుంది. ఓడలు ఆగే స్తాత్సియోనె మరిట్టిమా నుంచి బయటికి రాగానే ఎదురుగా కాస్టెల్ నువోవో కోట బురుజులు కనిపిస్తాయి. ఆ పక్కనే మునిచీపియో మెట్రో స్టేషన్. అక్కడ 1వ నంబరు మెట్రో ఎక్కి గారిబాల్డిలో దిగితే, అదే ప్రాంగణంలో కింద చిర్కుంవెసువియానా అనే లోకల్ రైళ్లు దొరుకుతాయి. వెసూవియస్ చుట్టూ తిరిగే పాత రైలు మార్గం ఇది. రేవు నుంచి రైలెక్కే దాకా అరగంటో, ముప్పావు గంటో వేసుకోండి. అక్కడి నుంచి హెర్క్యులేనియం ఉన్న ఎర్కొలానో ఊరికి సుమారు 20 నిమిషాలు, పాంపేకి 35 నుంచి 40.

ఇప్పుడు కొండ కలపండి. ఎర్కొలానో స్టేషన్ ఎదుటి నుంచి చిన్న బస్సులు పైకి వెళతాయి. పైకి చేరడానికి అరగంట దాటుతుంది. ఎదురుచూపులు, నడక, దిగడం అన్నీ కలిపి మూడు గంటలు. అదే పాంపే నుంచి బస్సులో వెళితే పైకి చేరడానికే గంట దాకా పడుతుంది, మొత్తం మీద నాలుగు గంటలు కొండకే పోతాయి. రేవు నుంచి పాంపేకి రానూపోనూ మరో రెండున్నర. ఎనిమిదిలోంచి ఆరున్నర తీసేస్తే పాంపేకి మిగిలేది గంటన్నర. హెర్క్యులేనియం వైపు లెక్క వేస్తే రాకపోకలకు రెండు, కొండకు మూడు పోగా ఇంకా మూడు గంటలుంటాయి. ఆ శిథిలాలను తీరిగ్గా చూడటానికి రెండున్నర గంటలు చాలు. మధ్యలో కూర్చుని ఒక మార్గెరిటా పిజ్జా తినే వ్యవధి కూడా దొరుకుతుంది.

నా సలహాకి సగం కారణం ఈ లెక్కే. మిగతా సగం ఆ రెండు ఊళ్లు పూడిపోయిన తీరులో ఉంది.

ఒకే కొండ, రెండు రకాల చావు

క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు మొదట బూడిద, నురగరాయి ఆకాశంలోకి మైళ్ల ఎత్తున లేచాయి. ఆ రోజు గాలి ఆగ్నేయానికి వీచింది. ఆ వైపున, కొండకి సుమారు 10 కి.మీ. దూరంలో పాంపే ఉంది. గంటల తరబడి రాళ్ల వాన కురిసి, బరువుకి ఇళ్ల కప్పులు కూలిపోయాయి. పశ్చిమాన సముద్రం ఒడ్డునున్న హెర్క్యులేనియం కొండకి ఇంకా దగ్గరే అయినా, గాలి అటు లేకపోవడంతో మొదట దాని మీద పడింది చాలా తక్కువ. రాత్రి గడిచేకొద్దీ ఆకాశంలో నిలబడ్డ ఆ బూడిద స్తంభం కుప్పకూలి, కాలిపోతున్న వాయువు, బూడిద కలిసిన మేఘాలు కొండవాలు మీదుగా దూసుకొచ్చాయి. హెర్క్యులేనియం 20 మీటర్ల దాకా లోతున పూడిపోయింది. పాంపే మీద పడిన పొర అయిదారు మీటర్లు.

చూసేవాళ్లకి ఈ తేడా అడుగడుగునా తెలుస్తుంది. పాంపేలో కప్పులు లేవు, పై అంతస్తులు దాదాపు లేవు. గోడలు, వీధులు, ఆకాశం ఉంటాయి. హెర్క్యులేనియంలో వేడికి చెక్క బొగ్గుగా మారి, ఆ రూపంలోనే గట్టి పొర కింద భద్రంగా ఉండిపోయింది. రెండంతస్తుల ఇళ్లు నిలబడి ఉన్నాయి. దూలాలు, గుమ్మాలు, ఒక ఇంట్లో గదిని విడదీసే చెక్క తెర, అన్నీ నల్లగా మాడిపోయి కళ్లెదుట ఉంటాయి. సముద్ర దేవతలైన నెప్ట్యూన్, ఆంఫిట్రిటేల మొజాయిక్ ఉన్న ఇంట్లో నీలం, ఆకుపచ్చ రంగులు నిన్న మొన్న అతికించినంత తాజాగా కనిపిస్తాయి. ఊరి అంచున ఉన్న పాపైరస్ చుట్టల భవనంలో దొరికిన కాలిన గ్రంథాలను, చుట్ట విప్పకుండానే స్కాన్ చేసి కంప్యూటర్లతో చదువుతున్నారు. ఆ భవనం మాత్రం మామూలు టికెట్‌తో చూపించరు.

ఇక సముద్రం వైపు రాతి కమానుల గదులు. ఒకప్పుడు పడవలు దాచుకునేవి. 1980ల దాకా, హెర్క్యులేనియం జనం తప్పించుకుని ఉంటారనే అనుకునేవారు. ఎందుకంటే ఊళ్లో దొరికిన అస్థిపంజరాలు చాలా కొద్ది. తీరం వైపు తవ్వితే ఆ గదుల్లోనూ ఇసుక మీదా దాదాపు 300 మంది బయటపడ్డారు. పడవల కోసం వేచి ఉన్నవాళ్లు. పిల్లలతో వెళితే ఇక్కడికి వచ్చేముందు వాళ్లకో మాట చెప్పి ఉంచండి. పెద్దవాళ్లకే మాట పెగలని చోటు అది.

ఇదంతా చదివి పాంపేను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. పాంపేకి ఉన్నది విస్తారం. మొత్తం 66 హెక్టార్లు, అందులో మూడింట రెండు వంతులు తవ్వారు. హెర్క్యులేనియంలో తవ్వి చూపిస్తున్నది నాలుగైదు హెక్టార్లే, మిగతా దాని మీద ఇప్పటి ఎర్కొలానో ఊరు కాపురం ఉంటోంది. ఒక రోమన్ పట్టణం ఎలా నడిచేదో తెలియాలంటే పాంపేకే వెళ్లాలి. బళ్ల చక్రాలు రాతి మీద అరగదీసిన గాడులు, వాన నీళ్లలో కాలు తడవకుండా వీధి దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు, వేడి తిండి అమ్మిన కొట్ల గట్లు, స్నానశాలలు, గోడల మీద ఎన్నికల రాతలు. క్రీ.పూ. మొదటి శతాబ్దపు ఆంఫిథియేటర్ ఒక కొసన, మిస్టరీస్ విల్లా ఇంకో కొసన. చాలా ఏళ్లు మరమ్మతుల్లో ఉండి 2023లో తెరిచిన వెత్తీ సోదరుల ఇల్లు నడుమ ఎక్కడో. బూడిదలో శరీరాలు కరిగిపోగా మిగిలిన ఖాళీల్లో జిప్సం పోసి మనుషుల ఆకారాలు తీయడం 1863లో జుసెప్పె ఫియొరెల్లి మొదలుపెట్టింది ఇక్కడే. ఇవన్నీ గంటన్నరలోనా? ఒక కొస నుంచి ఇంకో కొసకి నడవడానికే అరగంట పోతుంది. నీడ లేదు, కింద ఎగుడుదిగుడు బండలు. కనీసం నాలుగు గంటలు ఇవ్వలేకపోతే పాంపేను ఇంకోసారికి అట్టిపెట్టుకోవడమే మర్యాద.

కొండ సంగతి

వెసూవియస్ ఎత్తు 1281 మీటర్లు. వినగానే భయపడక్కర్లేదు, బళ్లు దాదాపు 1000 మీటర్ల దాకా వెళతాయి. అక్కడి నుంచి బిలం (అగ్నిపర్వతం నోరు) అంచుకి వెడల్పాటి దారి, అరగంట నడక. తాళ్లు పట్టుకోవడం, బండలెక్కడం ఏమీ ఉండవు. కానీ కాలి కింద ఉండేది వదులు గులకరాళ్లు, అగ్నిపర్వతపు బూడిద. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు జారుడు. చెప్పులతో వచ్చినవాళ్లు సగం దారిలో కూర్చుని రాళ్లు దులుపుకుంటూ కనిపిస్తారు. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, గుండె జబ్బున్నవాళ్లకి ఈ నడక నేను చెప్పను. పసిపిల్లల తోపుడుబండి అసలు కుదరదు. కింద ఎండ మండిపోతున్నా పైన గాలి కోస్తుంది, కాబట్టి ఒక పల్చటి జాకెట్ సంచిలో ఉండాలి.

పైకెళ్లాక ఏం కనిపిస్తుంది? ఎర్రటి లావా కోసం వెళితే నిరాశే. ఆఖరిసారి పేలింది 1944 మార్చిలో, ఇటలీలో రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా. ఇప్పుడున్నది దాదాపు 450 మీటర్ల వెడల్పు, 300 మీటర్ల లోతు ఉన్న బూడిద రంగు గొయ్యి. గోడల పగుళ్లలోంచి అక్కడక్కడా సన్నగా ఆవిరి లేస్తుంటుంది. నిజం చెప్పాలంటే గొయ్యి కన్నా వెనక్కి తిరిగి చూసే దృశ్యమే నాకు ఎక్కువ. నేపుల్స్ అఖాతం మొత్తం, కాప్రి, ఇస్కియా దీవులు, కొండ పాదం దాకా కిక్కిరిసిన ఇళ్లు. ఇంకా బతికే ఉన్న అగ్నిపర్వతం చుట్టూ లక్షల మంది నిశ్చింతగా కాపురాలు చేసుకుంటున్నారని అక్కడ నిలబడితేనే ఒంటికి తెలుస్తుంది. దాన్ని కనిపెట్టి చూడటానికి 1841లోనే ఇక్కడ అబ్జర్వేటరీ కట్టారు. అగ్నిపర్వతాల కోసం ప్రపంచంలో కట్టిన మొదటిది అదే.

అయితే ఇదంతా మబ్బు లేకపోతేనే. మేఘం కమ్మితే తెల్లటి గోడ తప్ప ఏమీ ఉండదు. గాలివాన ఎక్కువైతే దారే మూసేస్తారు.

టికెట్ దగ్గర చాలామంది దెబ్బ తింటారు. బిలం దారికి నేషనల్ పార్కు టికెట్ వేరే ఉంటుంది. దాన్ని ఆన్‌లైన్‌లోనే, తేదీ, సమయం ఎంచుకుని ముందుగా కొనాలి. పైకి వెళ్లాక కొందాంలే అనుకుంటే అక్కడ ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. బస్సు టికెట్ కొన్నంత మాత్రాన ప్రవేశ టికెట్ వచ్చినట్టు కాదు, కలిపి ఇస్తున్నారో లేదో అడిగి తేల్చుకోండి. మీరు ఎంచుకునే సమయమే మిగతా రోజును నిర్ణయిస్తుంది. 8కి ఓడ దిగేవాళ్లు 10:30, 11 మధ్య పెట్టుకుంటే హడావిడి ఉండదు.

ముందు కొండా, శిథిలాలా? ముందు కొండే. పొద్దున ఎండ తక్కువ, మబ్బు కూడా సాధారణంగా మధ్యాహ్నానికే పేరుకుంటుంది. వీటికన్నా నాకు ముఖ్యమైన కారణం ఇంకోటుంది. రేవుకి దూరంగా, బస్సు మీద ఆధారపడి ఉన్న చోటును ముందు ముగించేస్తే, మధ్యాహ్నం ఏం ఆలస్యమైనా మీరు రైలు స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉంటారు. హెర్క్యులేనియంలో ఉండగా టైం చాలకపోతే రెండు ఇళ్లు వదిలేసి వచ్చేయవచ్చు. కొండ మీద ఉండగా బస్సు రాకపోతే చేసేదేమీ లేదు.

ఎలా వెళ్లాలి

ఓడవాళ్లు అమ్మే టూరు అన్నిటికన్నా ఖరీదు. దానికి బదులు దొరికేది నిశ్చింత, బస్సు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగుతుంది. వెసూవియస్, పాంపే రెండూ ఒకే రోజు అయ్యే సులువైన మార్గం కూడా ఇదే. బస్సు నేరుగా తిరుగుతుంది, గైడు ఉంటాడు, టికెట్ల గొడవ మీది కాదు. బదులుగా నలభై యాభై మందితో పాటు నడవాలి, పాంపేలో రెండు గంటలకు మించి ఇవ్వరు. కొన్ని టూర్లలో పగడాలు, కామియోలు (గవ్వల మీద ఉబ్బెత్తు బొమ్మలు) చెక్కే వర్క్‌షాపు దగ్గర అరగంట ఆపుతారు. ఆ చెక్కడం ఇక్కడి టోరె దెల్ గ్రెకో ఊరి పాత విద్య, చూడదగ్గదే. కానీ ఆ అరగంట వెళ్లేది మళ్లీ పాంపే ఖాతాలోంచే. బుక్ చేసేముందు కార్యక్రమంలో ఒక్కో చోట ఎన్ని నిమిషాలో చదవండి. పేరులో రెండూ ఉన్నంత మాత్రాన రెండిటికీ సమయం ఉన్నట్టు కాదు.

రేవు దగ్గర ఎక్కించుకునే స్థానిక సంస్థల టూర్లు ఇంతకన్నా చవక, గుంపు చిన్నది. ఓడ ఆగుతుందన్న హామీ వీటికి లేదు. అయినా క్రూజ్ ప్రయాణికులతోనే వాళ్ల బేరం కాబట్టి టైం విషయంలో జాగ్రత్తగానే ఉంటారు.

నలుగురు కలిసి ఉంటే డ్రైవరుతో కారు మాట్లాడుకోవడం నాకు నచ్చిన పద్ధతి. తలకి పంచుకుంటే ఓడ టూరుకి దగ్గరగానో తక్కువగానో వస్తుంది, గంటలు మీ చేతిలో ఉంటాయి. నేపుల్స్ టాక్సీలకు పాంపే, హెర్క్యులేనియం, వెసూవియస్ లాంటి చోట్లకు ముందే ఖరారు చేసిన రేట్లు ఉంటాయి. ఆ రేటుకే వెళ్లాలని బండి కదలకముందే చెప్పాలి, కదిలాక చెప్తే మీటరే లెక్క. డ్రైవరు, గైడు ఒకరు కాదని కూడా గుర్తుపెట్టుకోండి. ఇటలీలో శిథిలాల లోపల వివరించడానికి లైసెన్సున్న గైడు వేరేగా కావాలి.

చివరిది సొంతంగా రైల్లో. రైలు ఖర్చు ఒక్కొక్కరికి కొద్ది యూరోలే. పార్కు టికెట్ పది యూరోల పైన, హెర్క్యులేనియం పదిహేను పదహారు, పాంపే ఇరవై అటూఇటూ. ఇవి ఏటా కాస్త మారుతుంటాయి. చిర్కుంవెసువియానా మాత్రం సుఖమైన ప్రయాణం కాదు. పాత పెట్టెలు, వేసవిలో ఉక్క, నిలబడేందుకే చోటు కష్టం. జేబుదొంగల బెడద ఉంది, పర్సు ముందు జేబులో, సంచి ఛాతీ మీద. సీజన్‌లో పర్యాటకుల కోసం కాంపానియా ఎక్స్‌ప్రెస్ అని ఒకటి నడుపుతారు. కొంచెం ఎక్కువ ఖరీదు, కూర్చునే చోటు ఖాయం.

స్టేషన్ పేర్లతో తికమకపడకండి. పాంపేకి సొరెంటో వైపు వెళ్లే రైలెక్కి 'పోంపేయి స్కావి – విల్లా దెయ్ మిస్తేరి'లో దిగాలి, ప్రవేశద్వారం ఎదురుగానే ఉంటుంది. ఇప్పటి పాంపే ఊళ్లో ఇంకో లైను మీద వేరే స్టేషన్లు ఉన్నాయి, అక్కడ దిగితే నడక ఎక్కువ. హెర్క్యులేనియంకి 'ఎర్కొలానో స్కావి'. దిగి సముద్రం వైపు తిన్నగా కిందికి నడిస్తే వీధి చివర గేటు కనిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే వీధి ఎక్కాలి, అలసిన కాళ్లకి అది గుర్తుండిపోతుంది.

పాంపేకి 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మంది పరిమితి పెట్టారు, టికెట్ మీద పేరు ఉంటుంది. కాబట్టి పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి, టికెట్ ముందే కొనండి. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. ఉచితం కదా అని సంబరపడేలోపు, ఆ జనాన్ని కూడా ఊహించుకోండి.

ఎవరికి ఏది

పదేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబానికి కొండ, హెర్క్యులేనియం. పిల్లలకి అగ్నిపర్వతం మీద ఉన్న మోజు ఇంకేదాని మీదా ఉండదు, చిన్న ఊరు కాబట్టి విసుగు పుట్టేలోపు అయిపోతుంది. పెద్దవాళ్లయిన అమ్మానాన్నలతో వెళితే కొండ వద్దు. పాంపేలో పియాత్సా ఆంఫితేయాత్రో గేటు నుంచి చక్రాల కుర్చీలకి కూడా వీలుగా చదును చేసిన 3 కి.మీ. పైచిలుకు దారి ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. చరిత్ర చదివి వెళ్లేవాళ్లు, మొదటిసారి రోమన్ శిథిలాలు చూసేవాళ్లు పాంపేకే రోజంతా ఇవ్వాలి. రోమ్ చూసేసి, స్తంభాలు, గోడలు చాలనిపించినవాళ్లకి హెర్క్యులేనియం కొత్తగా ఉంటుంది. ఓడ ఏడు గంటల కన్నా తక్కువసేపే ఆగుతుంటే ఏదో ఒక్కటే, దాని గురించి తర్జనభర్జన అనవసరం. శీతాకాలంలో పాంపేలోకి చివరి ప్రవేశం మధ్యాహ్నం 3:30కే, కొండ దారి కూడా త్వరగా మూస్తారు, అప్పుడు కూడా ఇదే మాట.

కొన్ని ఓడలు నేపుల్స్‌కి బదులు సలెర్నోలో ఆగుతాయి. అక్కడి నుంచి పాంపే దగ్గర, కొండ, హెర్క్యులేనియం దూరం. కాబట్టి పాంపే ఒక్కటే పెట్టుకోండి.

వానో, గాలో, రైళ్ల సమ్మెనో వచ్చి అన్నీ తారుమారైతే ఓడలో కూర్చోకండి. రేవు పక్క నుంచి అదే 1వ నంబరు మెట్రో 'మ్యూజెయో' స్టేషన్‌కి తీసుకెళుతుంది, పైనే నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియం. మంగళవారం సెలవు. పాంపే, హెర్క్యులేనియం గోడల మీది మంచి చిత్రాలన్నీ చాలావరకు ఇక్కడికే తెచ్చారు, శిథిలాల దగ్గర మీరు చూసేవాటిలో కొన్ని నకళ్లు. మనవాళ్లు తప్పక అడిగి చూడాల్సింది ఒకటుంది. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికిన భారతీయ దంతపు బొమ్మ, నగలతో నిలబడ్డ స్త్రీ, పాతిక సెంటీమీటర్ల ఎత్తు. లక్ష్మి అని మొదట్లో పేరు పెట్టారు, యక్షిణి అని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. దాన్ని ఉంచే రహస్య మందిరం అనే గది కొన్ని వేళల్లోనే తెరిచి ఉంటుంది, టికెట్ కొనేటప్పుడే అడగండి.